గుడ్డ కింద పాట

"ఎడం చెయ్యి పెడతాండావేమ్మే రొట్టె మీద!"

సామ్రాజ్యమ్మ గొంతు పెద్దది. పేరుకు తగ్గ గొంతు. అయితే ఆవిడ సామ్రాజ్యం వంటింటి గడప దాటదు కాబట్టి ఆ గొంతంతా కోడలి మీదే ఖర్చయ్యేది. రెజీనా పెనం వైపు చూసుకుంది. నిజమే. కాలుతున్న జొన్నరొట్టెను ఎడమచేతి నాలుగు వేళ్ల కొసలతో అదిమిపట్టి ఉంది. ఎంతసేపటి నుంచి పట్టి ఉందో ఆమెకే తెలియదు. రొట్టె కింద నల్లగా మాడి పొగ లేస్తోంది.

"తినే తిండి మీద ఎవురన్నా ఎడం చెయ్యి పెడతారా? అదీ కాక..." అత్త దగ్గరకొచ్చి ఈసారి గొంతు తగ్గించింది. "కాలలేదా నీకు?"

రెజీనా వేళ్లు తిప్పి చూసుకుంది. కొసలు గట్టిపడి, నున్నగా, చింతగింజల్లా ఉన్నాయి. "లేదత్తా" అంది. అబద్ధం కాదు. మూడు నెలలుగా ఆ నాలుగు వేళ్లకు వేడి తెలియదు, చల్లన తెలియదు. మిగతా ఒంటికి తెలుస్తుంది గానీ, తెలిసినా చెప్పుకోవడం మానేసి చాలా కాలమైంది. మాడిన రొట్టె తన కంచంలో వేసుకుని, మంచిది అత్త కంచంలో వేసింది. ఈ పని చెయ్యడానికి ఏ చెయ్యి వాడాలో ఎవరూ చెప్పనక్కర లేదు.

ఆ ఏడు బళ్లారిలో అందరికీ ఏదో ఒకటి పెరిగింది. కొందరికి మేడలు పెరిగాయి, కొందరికి మెడలో గొలుసులు పెరిగాయి, మిగిలిన ఊరందరికీ దగ్గు పెరిగింది. బళ్లూ లారీలూ కలిస్తే బళ్లారి అని కౌల్ బజారులో కిరాణా కొట్ల వాళ్లు ఊరికే అనేవాళ్లు కాదు. సండూరు ఇనుపరాతి కొండల్ని లారీలకెత్తి ఓడరేవులకు పంపేవాళ్లు పంపుతూనే ఉన్నారు. పంపగా మిగిలిన కొండ వచ్చి రెజీనా ఇంటి కిటికీల మీద వాలేది. ఆమె రోజుకు మూడుసార్లు పాత చీర చించిన గుడ్డతో తుడిచేది. బకెట్లో పిండితే నీళ్లు ఎర్రగా దిగేవి. కొండను గుడ్డతో తుడిచి అయిపోగొట్టడం ఎవరివల్లా కాదు గానీ, మానేస్తే మాత్రం "ఇల్లు చూడు ఎట్లుండాదో" అనడం అందరివల్లా అయ్యేది.

కెన్నెత్ ఉద్యోగం ఆ కొండల దగ్గరే. సండూరులో ఒక మైనింగ్ కంపెనీ తూకం ఆఫీసులో. లారీ ఖాళీగా వచ్చినప్పుడొకసారి, నిండి పోయేటప్పుడొకసారి తూకం వేయించి చీటీ ఇవ్వాలి. ఖనిజం అనే మాటలో ఉన్నంత నిజం ఆ చీటీలో ఉండదని అతనే నవ్వుతూ చెప్పేవాడు. జీతం పెరిగిన ఏడే పాత గిటారు అటకెక్కించి బెంగళూరు నుంచి కొత్తది తెచ్చుకున్నాడు. మామూలుగానూ మోగుతుంది, వైరు తగిలిస్తే స్పీకర్లలోనూ మోగే రకం. చర్చిలో పాటలకు వాయించేది అతనొక్కడే. నాలుగు కార్డులు, అంటే తీగల మీద నాలుగు పట్లు, వచ్చు. ఆ నాలుగింటితోనే నలభై కీర్తనలు లాగించేవాడు. రేషను కార్డు మీద కూడా ఎవరూ అంత సంసారం లాగి ఉండరు.

ఆగస్టులో కమిటీ మీటింగు జరిగింది. రెజీనా వెనక బెంచీ దగ్గర టీ గ్లాసులు సర్దుతోంది. పాస్టరు సైలస్ అయ్యగారు ఒక కవరు చూపించాడు.

"కెన్నెతప్పా, నవంబరులో మన కోత పండక్కి అమెరికా నుంచి ఒకాయన వస్తాండాడు. అరవై ఏండ్ల కింద ఈడ మన బోర్డింగు నడిపిన దొరకు మనవడు, ఇప్పుడు ఆయనకూ డెబ్బై దాటినాయి. ఆ దొర సాయంత్రం పూట వరండాలో కూర్చోని వాయిస్తా ఉన్న పాటంట, డిస్కులో పంపించినాడు. కాగితాల మీద రాసి కూడా ఇచ్చినాడు. బ్లూగ్రాస్ అంటారంట. మన పిలకాయలు ఎవురన్నా వాయిస్తే ముసలాయన సంతోషపడతాడు."

బ్లూగ్రాస్ అంటే నీలిగడ్డి. బళ్లారి చుట్టుపక్కల గడ్డి ఎర్రబడి అప్పటికే నాలుగేళ్లు.

"ఏముండాది అయ్యగారూ దాంట్లో? నేను చూసుకుంటా" అన్నాడు కెన్నెత్, టీ గ్లాసు కోసం చెయ్యి చాపుతూ. రెజీనా గ్లాసు అందించింది.

కమిటీలో కమిట్ అయినవాడు కెన్నెత్. ఆ రాత్రి కాగితాలు వచ్చి వాలింది మాత్రం వంటింట్లో, రొట్టెల పీట పక్కన. "రెజీ, సుమ్నె, ఊరికే ఒకసారి చూసి నాకు ఈజీగా రాసిపెట్టు. నీకు నోట్స్ వచ్చు గదా." 

వచ్చు. ఆమె తండ్రి దయాసాగర్ బోర్డింగు స్కూల్లో బ్యాండు మాస్టరు. ఎనిమిదేళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, గీతల మీద కూర్చున్న గుండ్రాలు ఏ స్వరాలో చెప్పాడు. పెళ్లిచూపుల్లో "అమ్మాయి హార్మోనియం వాయిస్తుంది" అని చెబితే అవతలివాళ్లు తలలూపారు. పెళ్లైన వారంలోనే సామ్రాజ్యమ్మ ఆ తల ఊపును వెనక్కి తీసుకుంది. "మా ఇంట్లో ఆడోళ్లు పాడతారు, వాయించరు." పదహారేళ్లు గడిచాయి. చర్చిలో రెజీనా పని పాటల కాగితాలు జిరాక్సు తీయించడం, టీ పెట్టడం. ఆమె చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే స్కూల్లో కూడా ఎవరైనా అతిథులు వస్తే హెడ్మాస్టరు క్లాసు గుమ్మంలో నిలబడేవాడు. "టీచరమ్మా, స్వల్ప టీ నోడ్రి." కొంచెం టీ సంగతి చూడమని. ఆడ టీచర్లు ఆరుగురున్నా ఆయన కళ్లకు ఈమె ఒక్కతే కెటిల్‌లా కనబడేది. రెజీనా సుద్దముక్క కింద పెట్టి పోయేది. అవమానం అనిపించాలంటే దానికి కొంచెం తీరిక కావాలి.

కాగితాలు చూసింది. ఇది తీగలన్నీ కలిపి బాదే పాట కాదు. పక్కపక్కనున్న మూడు తీగలు. చేతిలో ఒక్కటే పిక్కు, తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్ల. అది ఒక్కో తీగనూ విడివిడిగా తాకుతూ పోవాలి. నాలుగో తీగ, మూడోది, రెండోది. మళ్లీ నాలుగు, మూడు, రెండు. ఆఖరున నాలుగు, మూడు. మొత్తం ఎనిమిది మీట్లు. మూడూ, మూడూ, రెండూ. క్రాస్ పికింగ్ అంటారని డిస్కులో ఆ పాట వాయించి చూపించిన తెల్ల గడ్డం ముసలాయన ఎవరో చెప్పాడు. నిమిషానికి ఇన్నని లెక్కలేనంత వేగంగా చినుకులు పడుతున్నట్టుంది. ఆ చినుకుల్లోంచే పాట ఎక్కడో తడవకుండా నడిచి వస్తోంది.

"నువ్వు ఫస్ట్ నేర్చుకో, తర్వాత నాకు చూపించు. అట్లయితే నాకు టైము మిగుల్తాది" అన్నాడు కెన్నెత్ వారం తర్వాత. కాగితాలను అతను అప్పటికి ఒక్కసారి కూడా తిప్పలేదు. "కానీ సౌండు బయటికి పోకూడదు. నేను సండూరులో ఉంటే ఇంట్లోంచి గిటారు వినిపిస్తే చర్చి కాంపౌండులో ఏమనుకుంటారు? నేను ప్రాక్టీసు చేస్తాండానని అయ్యగారికి చెప్పినా."

గిటారు మొదటినుంచీ సామ్రాజ్యమ్మకు గిట్టదు. అందుకని ఆవిడ కూడా కొడుకు మాటనే సమర్థించింది. రెజీనా కిటికీలు తుడిచే గుడ్డను నాలుగు మడతలు పెట్టి తీగల కిందికి దోపింది. మీటితే టుక్ మంది. ఎండిన సొరకాయ మీద గోటితో కొట్టినట్టు. ఇక పక్కింటికి కాదు కదా పక్క గదికి కూడా వినబడదు.

స్కూలు నుంచి వచ్చి, గిన్నెలు తోమి, కిటికీలు రెండోసారి తుడిచాక అదే గుడ్డ తీసుకొచ్చి దోపుకుని కూర్చునేది. అత్త కునుకు తీసే గంటన్నర, ఎడమచేతి నాలుగు వేళ్ల కొసలూ తీగల్ని అదిమి పట్టుకునే ఉండేవి. పిక్కు చేతికొచ్చిందే గానీ దిక్కు తోచలేదు. ఎనిమిది మీట్లలో ఒకటి దిగుతూ కొట్టాలి, ఒకటి ఎక్కుతూ కొట్టాలి. చెయ్యి కిందికి, పైకి, కిందికి, పైకి. ఎక్కడా మాట తప్పకూడదు. చిక్కు ఏమిటంటే, పాట ఉండేది ప్రతి గుంపులో మొదటి మీటులో. మొదటి గుంపు మొదలయ్యేది చెయ్యి దిగేటప్పుడు, అది సులువు. రెండో గుంపు మొదలు, అంటే నాలుగో మీటు, చెయ్యి పైకి ఎక్కేటప్పుడు వస్తుంది. పైకి పోయే చేతికి బలముండదు. అది తిరిగి పోతున్న చెయ్యి మాత్రమే. అయినా ఆ నాలుగో మీటు మొదటిదానంత గట్టిగా పలకాలి. పలక్కపోతే పాట ముందరి పళ్లు రాలిన మనిషిలా మాట్లాడుతుంది.

రెండు వారాలు ఆ నాలుగో మీటు పలకలేదు. గుడ్డ కింద కూడా తేడా తెలిసేది. టుక్, తర్వాత ఏమీ లేదు. ఒకరోజు కిటికీ తుడుస్తూ ఉండగా తెలిసింది. గుడ్డ కిందికి దిగేటప్పుడు చెయ్యి అదుముతుంది, దుమ్ము పోతుంది. పైకి పోయేటప్పుడు ఊరికే పోతుంది. ఎందుకు ఊరికే పోవాలి? ఈసారి పైకి పోయేటప్పుడు కూడా అంతే అదిమింది. అద్దం మీద కింది నుంచి పైకి ఒక దారి పడింది. ఆ దారిలోంచి రోడ్డు మీద ఖాళీ లారీ ఒకటి సండూరు వైపు తిరిగి పోతూ కనబడింది. ఆ తర్వాత ఆమె మనసు చాలాసేపు ఆ లారీ వెనకాలే పోయింది. వడ్డించడం దిగే చెయ్యి. ఎంగిలి కంచాలు ఎత్తడం ఎక్కే చెయ్యి. వడ్డించినప్పుడు బాగుండాది అన్నవాళ్లు ఉన్నారు, ఎత్తినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. పండగకు దుప్పట్లు పరచడం దిగే చెయ్యి, పండగ పోయాక ఉతికి మడతపెట్టడం ఎక్కే చెయ్యి. పెళ్లి చేసుకుని రావడం అందరూ చూశారు. ఆ తర్వాత పదహారేళ్లుగా ఎక్కుతూ ఉన్నది ఎవరు చూశారు? కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. గుడ్డ పిండి, తీసుకెళ్లి తీగల కింద దోపింది. ఆ సాయంత్రం నాలుగో మీటు పలికింది. టుక్.

అక్టోబరు నాటికి పాట మొదటి నుంచి చివరి దాకా చేతికి వచ్చింది. ఎంత వచ్చిందంటే పిండి పిసుకుతూ ఉన్నా కుడిచెయ్యి మూడూ మూడూ రెండూ అని పోయేది. సంతోషమా అంటే ఆమె చెప్పలేకపోయేది. పన్ను పీకించుకున్నాక దవడ ఎలా ఉంటుందో అలా ఉండేది లోపల. ఒకటి మాత్రం కావాలనిపించింది. చాలా ఏళ్లకు ఒకటి కావాలనిపించడం ఆమెకే వింతగా తోచింది. ఒక ఆదివారం కెన్నెత్ భోజనం చేస్తూ ఉండగా అడిగింది.

"ఏమండీ, ఒక్కసారి గుడ్డ తీసి వాయించి చూసుకుంటా. నా చేతి కింద అది ఎట్లుంటాదో నేనింకా వినలేదు."

"పండగ రోజు నేను వాయిస్తా గదా, అప్పుడు వింటువులే" అన్నాడు. "పప్పులో ఉప్పు తక్కువుండాది."

ఉప్పు తెచ్చి ఇచ్చింది.

కెన్నెత్‌కు నేర్పించడం మూడు ఆదివారాలు సాగింది. అతని చెయ్యి దిగేటప్పుడు కోట గోడను కూల్చినట్టు దిగేది, ఎక్కేటప్పుడు గాలిలో పోయేది. "నాలుగోది పలకలేదండీ" అనేది రెజీనా. "పలికింది. నీకు వినబడలేదు." మళ్లీ. "పలకలేదు." చివరికి అతనికి అర్థమయ్యే భాషలో చెప్పి చూసింది. "లారీ ఖాళీగా వచ్చేటప్పుడు కూడా మీరు తూకం వేస్తారు గదా? ఇదీ అంతే. ఎక్కే చేతిని కూడా తూకం వెయ్యాల."

"లారీల సంగతి నువ్వు నాకు చెప్తావా?" పిక్కు నేలకేసి కొట్టాడు. "నీకు వాయించేది వచ్చిందేమో గానీ చెప్పేది రాదు. టీచరమ్మ అంట!" 

రెజీనా మంచం కిందికి దూరి పిక్కు వెతికి తెచ్చింది.

పండక్కి వారముందు అతను నవ్వుతూ ఇంటికొచ్చాడు. అంత మంచి నవ్వు జీతం పెరిగిన రోజు కూడా నవ్వలేదు. "రెజీ, ఐడియా వచ్చింది. సినిమాల్లో హీరోలు పాడ్తారా? ఎవురో పాడ్తారు, వాళ్లు నోరు ఆడిస్తారు. అల్వా, అంతే గదా? స్టేజీ మీద ఎట్లూ చెరుకు గడలు గోడలాగ నిలబెడతారు. నువ్వు వైరు గిటారు పట్టుకోని దాని వెనక కూర్చో. నేను ముందర పాత గిటారు పట్టుకోని కూర్చుంటా. సౌండు ఎట్లా స్పీకర్లోంచే వస్తాది. ఎవురికి తెలుస్తాది?"

రెజీనా అత్త వైపు చూసింది. ఎందుకు చూసిందో తెలియదు. సామ్రాజ్యమ్మ తమలపాకు మడుచుకుంటూ ఉంది. "మొగుని మర్యాద పోతే ఎవురిది పోయినట్లమ్మే? నీది కాదా?" అంది. ఆకు నోట్లో పెట్టుకునే ముందు, ఎవరికీ కాదన్నట్టు ఇంకో మాట అంది. "వేళ్లు కాల్చుకుంది మాత్రం ఇది."

"ఊ" అంది రెజీనా. ఊ అనడం ఆమెకు బాగా సాధనైన స్వరం. అది ఏ హార్మోనియంలోనూ లేదు, అన్ని ఇళ్లలోనూ ఉంది.

కోత పండగకు ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి చేతి పంట వాళ్లే మోసుకొచ్చి ముందర పెట్టాలి. జొన్నలు పండించినవాడు జొన్నమూట, కోళ్లు పెంచినామె కోడిపుంజు, కుట్టుపని వచ్చినామె బల్లగుడ్డ. ఒకరి బదులు ఇంకొకరు తేకూడదు. కిందటేడు గనుల డబ్బుతో కొత్తగా బలిసిన ఒకాయన గుమ్మడికాయల బుట్ట డ్రైవరుతో పంపిస్తే, సైలస్ అయ్యగారు మైకులోనే, "నాయనా, ఇవి మీ సారు చేతి పంట అయితే సారునే రమ్మను, నీ చేతి పంట అయితే నీ పేరు చెప్పు" అన్నాడు. చర్చి అంతా నవ్వింది. సారు కారు దిగి, బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచాడు. రెజీనా ప్రతి ఏడూ గులాబిపువ్వులు చేసి రెండు డబ్బాలు తీసుకుపోయేది. పిండిలో అచ్చు ముంచి, నూనెలో విదిలించి, మూడొందలు. మోసేది ఆమే. చీటీ మీద మాత్రం కెన్నెత్ గారి కుటుంబం అని ఉండేది. ఆ ఏడూ అలాగే రాసింది.

ఆదివారం తెల్లవారి ఆరాధనకు ముందే వచ్చి చెరుకు గడల వెనక కూర్చుంది. గిటారు ఒళ్లో, వైరు గోడ దగ్గర స్పీకరు పెట్టెలో. ఆకుల సందులోంచి ముక్కలు ముక్కలుగా కనబడుతోంది. ముందు బెంచీలో దొర మనవడు, డెబ్బై దాటిన మనిషి, మెడలో బంతిపూల దండ. ఆడవాళ్ల వైపు అత్త తెల్లచీర. మూటలు, గంపలు, అరటిగెలలు ఒక్కొక్కటిగా వచ్చి చేరుతున్నాయి. "ఎవరి చేతి పంట వాళ్లే తేవాల. అదే మన పండగ" అంటున్నాడు అయ్యగారు. "కెన్నెత్ గారి కుటుంబం, గులాబిపువ్వులు రెండు డబ్బాలు" అని చదివాడు. ఆ డబ్బాలు ముందే పెట్టి వచ్చింది. తర్వాత, "ఇప్పుడు మన కెన్నెతప్ప మూడు నెలలు కష్టపడి నేర్చుకున్న పాట."

చప్పట్లు. కెన్నెత్ గడలకు అవతల కుర్చీలో కూర్చున్నాడు. అతని వీపు ఆమెకు రెండడుగుల దూరంలో ఉంది. తల ఊపాడు.

రెజీనా కుడిచెయ్యి దిగింది.

టుక్.

స్పీకర్లలోంచి పెద్ద టుక్. చర్చి నాలుగు మూలల నుంచీ టుక్, టుక్, టుక్. ఎవరో తలుపు తడుతున్నట్టు. ఆమె వాయిస్తూనే ఉంది, ఒక్క మీటు తప్పలేదు. అవతల కెన్నెత్ చెయ్యి ఊగుతూనే ఉంది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. దొర మనవడు చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. నాలుగో వరసకు గానీ ఆమె ఒళ్లోకి చూసుకోలేదు. తీగల కింద నాలుగు మడతల గుడ్డ. పొద్దున కిటికీలు తుడిచి, చేతులు వాటంతట అవే దోపుకున్నాయి. మూడు నెలల్లో అది లేకుండా గిటారు పట్టుకున్నది ఎప్పుడు కనుక?

ఆమె చెయ్యి ఆగింది. అవతల కెన్నెత్ చెయ్యి మరో రెండు సార్లు ఊగి ఆగింది.

"గుడ్డ!" వీపు తిప్పకుండానే పళ్ల మధ్య నుంచి అన్నాడు. "గుడ్డ తియ్యమ్మే!"

రెజీనా గుడ్డ అంచు పట్టుకుని లాగింది. వచ్చేసింది. తీగలు ఒక్కసారి చిన్నగా మూలిగి ఊరుకున్నాయి. ఎర్రటి చారల గుడ్డ. పాత నీలం చీర ముక్క. పెళ్లైన కొత్తలో ఆ చీర కట్టుకుని హార్మోనియం ముందు కూర్చుంటే ఈ ఇంట్లో వాయించరు అన్నారు. ఆ సంగతి గుర్తొచ్చినందుకు ఏదైనా అనిపిస్తుందేమో అని చూసింది. ఏమీ అనిపించలేదు. అయితే కాళ్లు లేచాయి.

వైరు ఎంత దూరం వస్తుందో తెలియదు. వచ్చినంత దూరం పోదామనుకుంది. చెరుకు గడలు రెండు పక్కకు జరిపి బయటికి వచ్చింది. ఆకు గీసుకుని చెంప మీద సన్నగా మండింది. మండడం తెలిసింది. కెన్నెత్ నోరు తెరిచి చూస్తున్నాడు. అతని ఒళ్లో పాత గిటారు మీద ఆ గుడ్డ పెట్టింది.

"తీసినా. మీరు పట్టుకోండి" అంది.

గొంతు పెద్దది చేయలేదు. కానీ అతని ముందర మైకు ఉంది. ఆడవాళ్ల వైపు ఎవరో దగ్గారు. సైలస్ అయ్యగారు లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. ఎవరి చేతి పంట వాళ్లే తేవాలని ఇప్పుడే చెప్పిన మనిషి ఇంకేం చెబుతాడు? సామ్రాజ్యమ్మ తలెత్తి, కొడుకు ఒళ్లోని గుడ్డ వైపు చూస్తోంది.

వైరు గుమ్మడికాయల గుట్ట దాకా వచ్చి బిగిసింది. కుర్చీ లేదు. రెజీనా మెట్టు మీద, తను మూడొందల పువ్వులు నింపిన డబ్బాల పక్కన కూర్చుంది. మొదటి నుంచి మొదలుపెట్టింది. ఒకటి దిగింది. రెండోది ఎక్కింది. మూడోది దిగింది.

నాలుగోది కింది నుంచి పైకి పోయింది. అది చివరి బెంచీ దాకా వినబడింది.